పాత్ర ధరించే ఆటకు తొలి పరిచయం : ఖరగ్‌పూర్ చెప్పే పాఠం

చదరంగం ఎవరు నేర్పారని అడిగితే తండ్రి అనో, మేనమామ అనో, పక్క క్వార్టరులోని పెద్దాయన అనో వెంటనే సమాధానం వస్తుంది. ఏ పుస్తకం చదివి నేర్చుకొన్నారని అడిగితే జవాబు చెప్పగలిగినవారు అరుదు. అష్టాచెమ్మా, పులి-మేక, వామనగుంటలు మొదలైన మన ఆటలు నియమావళి గ్రంథాల ద్వారా మనకు సంక్రమించినవి కావు. అమ్మమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీసిన గళ్ళే వాటి పాఠ్యపుస్తకం. ఒకరు కూర్చోబెట్టి చెబితే మరొకరికి అబ్బినవే అవన్నీ.

ఈ మాట మిగిలిన ఆటలన్నిటికంటె ఎక్కువగా వర్తించే ఆట ఒకటి ఉంది. గత అర్ధశతాబ్దిగా అనేక దేశాలలో ప్రచారం పొందినా, మన తెలుగు కుటుంబాలలో ఇంకా అంతగా పరిచయం లేని ఆ ఆటను బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడ అనవచ్చు. ఇందులోనికి కొత్తవారు ఎలా ప్రవేశిస్తారు, ఏది వారిని ఆకర్షిస్తుంది, ఏది గుమ్మం వద్దనే ఆపివేస్తుంది అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. అందుకు మేము ఎన్నుకొన్న స్థలం ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. ఈ ఆట అక్కడ పుట్టినది కాదు. అయినా, కొత్తగా వచ్చిన మనిషికి చోటు చూపించడమనే విద్యలో ఆ ఊరికి నూరేళ్ళకు పైబడిన అనుభవం ఉంది.

ఆట స్వరూపం

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్రను స్వీకరిస్తారు. ఆ పాత్ర పేరు, వృత్తి, బలాలు, బలహీనతలు ఒక కాగితం మీద వ్రాసుకొంటారు. సూత్రధారి ఒక సన్నివేశాన్ని వర్ణించి, “ఇప్పుడు మీరు ఏం చేస్తారు?” అని అడుగుతారు. ఆట మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పాత్రధారి తన పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతాడు. ఫలితం నిశ్చయంగా తెలిసినప్పుడు సూత్రధారి కథను ముందుకు నడిపిస్తారు. సందేహం ఉన్నప్పుడు పాచిక వేస్తారు. ప్రసిద్ధమైన పద్ధతిలో ఇరవై ముఖాల పాచిక వాడతారు. ఒక్కొక్క ముఖం పడే అవకాశం నూటికి 5 వంతులు. పడిన అంకెను బట్టి ప్రయత్నం ఫలించడమో, బెడిసికొట్టడమో జరుగుతుంది.

నాటకానికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. నాటకంలో సంభాషణలు ముందే వ్రాసి ఉంటాయి, ఇందులో తరువాతి మాట ఏమిటో సూత్రధారికి కూడా తెలియదు. చదరంగానికీ దీనికీ మరొక భేదం ఉంది. అక్కడ ఒకరి గెలుపు మరొకరి ఓటమి, ఇక్కడ బల్ల చుట్టూ ఉన్న అందరూ కలిసి ఒక కథను గట్టెక్కించవలసినవారే.

యుద్ధశాల నుండి వినోదశాలకు

ఈ క్రీడ మూలాలు సైనిక శిక్షణలో ఉన్నాయి. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న రైస్‌విట్జ్ 1824లో ఒక యుద్ధక్రీడను సైన్యాధికారుల ముందు ప్రదర్శించాడు. పటం మీద చిన్న దిమ్మలు సేనలకు ప్రతినిధులు. ఇరుపక్షాల అధికారులు ఆజ్ఞలు ఇస్తే, మధ్యవర్తి పాచికలు వేసి ఫలితాన్ని ప్రకటించేవాడు. రణరంగంలో చేస్తే వేలమంది ప్రాణాలు తీసే పొరపాటును బల్ల మీద చేసి, దాని నుండి నేర్చుకొనడం ఆ శిక్షణలోని సారాంశం. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం ద్వారా బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడను ఇళ్ళలోనికి తెచ్చాడు.

అసలు మలుపు 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో వచ్చింది. డేవిడ్ వెస్లీ అనే యువకుడు బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణాన్ని సృష్టించి, తన మిత్రులకు సేనలకు బదులుగా ఆ ఊరి మనుషుల పాత్రలను పంచిపెట్టాడు. ఆడేవారు నియమాలను పక్కన పెట్టి, తమ పాత్రల తరఫున ఒకరితో ఒకరు మంతనాలు మొదలుపెట్టారు. ఆట అదుపు తప్పి విఫలమైందని వెస్లీ భావించాడు. మిత్రులు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు. వారిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ ఆ మార్గాన్నే ముందుకు తీసుకుపోయాడు. అతడు, గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ 1000 ప్రతులు. పాత్రధారణ క్రీడ ఆ విధంగా అంగడికెక్కింది.

ఆ తొలి పుస్తకాలు కొత్తవారికి అంత సులభంగా బోధపడేవి కావు. యుద్ధక్రీడలు తెలిసినవారి కోసం వ్రాసినవి అవి. కనుక తెలిసినవారి పక్కన కూర్చుని చూసి నేర్చుకొనడమే రాజమార్గమైంది. ప్రకాశకులు ఈ లోపాన్ని గుర్తించి 1977లో ప్రారంభకుల కోసం ప్రత్యేకమైన పెట్టెను తెచ్చారు. 1983లో వచ్చిన ఎర్రపెట్టెలో మరొక మెరుగు కనిపిస్తుంది. అందులో మొదట నియమాలు చెప్పలేదు. పాఠకుణ్ణి ఒక కథలో ప్రవేశపెట్టి, ఒంటరిగానే ఆడించి, ఆడుతుండగా నియమాలను ఒక్కొక్కటిగా నేర్పారు. 1982లో ఇంగ్లండులో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్‌లు వ్రాసిన ‘ద వార్లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ మరొక ద్వారం తెరిచింది. ఒక్కొక్క మలుపు వద్ద పాఠకుడే దారిని ఎన్నుకొని, ఆ దారికి తగిన సంఖ్య గల భాగానికి వెళ్ళి చదవవలసిన నవల అది.

ఇటీవలి తరానికి ద్వారాలు వేరు. 2015 నుండి ‘క్రిటికల్ రోల్’ అనే కార్యక్రమంలో వృత్తి నటులు బల్ల చుట్టూ కూర్చుని ఆడటాన్ని ప్రపంచం తెరపై చూసింది. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహికలో నలుగురు బాలురు ఈ ఆట ఆడుతూనే పరిచయమవుతారు. 2022లో వెలువడిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ అనే సంపుటం వెనుక భారతీయ మూలాలు గల అజిత్ జార్జ్ ప్రముఖంగా పనిచేశారు. అందులోని 13 కథలు వివిధ సంస్కృతుల నుండి ప్రేరణ పొందినవి.

పెట్టె గాని, నవల గాని, తెర గాని చేసినది ఒక్కటే. పక్కన కూర్చోబెట్టి నేర్పే మిత్రుడు అందుబాటులో లేనివారికి ఆ మిత్రుని స్థానాన్ని కొంతవరకు భర్తీ చేశాయి. చూసి ఉత్సాహపడటం వాటితో సాధ్యం. ఆడటానికి మాత్రం చివరకు ఎవరో ఒకరు “రండి, కూర్చోండి” అనవలసిందే.

కొత్తవారితో నిర్మితమైన ఊరు

ఇక ఖరగ్‌పూర్‌కు వద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో రూపుదిద్దుకొన్న పట్టణమిది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన ఏర్పడి హౌరాతో సంబంధం కుదిరింది. వర్క్‌షాపు వెలసింది. తీరం వెంబడి వాల్తేరు వరకు సాగిన ఇనుపదారి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలను ఇక్కడికి చేర్చింది. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా ఈ స్టేషనుకు పేరు తెచ్చింది. 2013లో గోరఖ్‌పూర్, తరువాత 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. మినీ ఇండియా అన్న పేరు మాత్రం ఈ ఊరికి నిలిచి ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఆమోదించినప్పుడు అందరి దృష్టి ముందుగా మళ్ళింది ఈ పట్టణం వైపే.

ఇటువంటి రైల్వే కాలనీలలో పిల్లలకు పాత్రధారణ ఎలా పరిచయమవుతుంది? ఏ విదేశీ పెట్టె రాకముందే ఒక చీటీల ఆట ద్వారా పరిచయమవుతుంది. తెలుగు ఇళ్ళలో రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు అని చీటీలు వ్రాసి, మడిచి, కలిపి వేస్తారు. రాముడు వచ్చినవాడు మిగిలిన ముఖాలు చూసి సీత ఎవరో పోల్చుకోవాలి. హిందీ ఇళ్ళలో అదే ఆటకు రాజు, మంత్రి, దొంగ, సిపాయి పాత్రలు. బెంగాలీ ఇళ్ళలో దొంగ, దోపిడీదారు, బాబు, పోలీసు. చీటీ విప్పి, దొంగ అని చదివి, ముఖంలో ఏ మార్పూ రానీయకుండా కూర్చున్న ఎనిమిదేళ్ళ బాలుడు తెలియకుండానే పాత్రలో ప్రవేశించినట్లే. ఒక నోటుపుస్తకం కాగితం, నలుగురు పిల్లలు చాలు. భాష వేరైనా ఆట ఆగదు.

అంతకంటె ముందు బువ్వాలాట ఉంది, బొమ్మల పెళ్ళి ఉంది. ఇసుకను అన్నమని వడ్డించిన పాపకు పాత్రధారణ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పెద్దయ్యాక మనం మరచిపోతాము, అంతే.

రైల్వే కాలనీలలో ఇన్‌స్టిట్యూట్ అంటే విద్యాలయం కాదు, ఉద్యోగుల వినోదశాల. క్యారమ్ బల్ల, టేబుల్ టెన్నిస్, పేకముక్కలు, వార్తాపత్రికలు, వీలైన చోట ఒక రంగస్థలం. పాత్రధారణ క్రీడకు కావలసిన సరంజామా అంతా అక్కడ ఇప్పటికే ఉంది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, సాయంత్రం రెండు గంటల సమయం.

మోడల్ రూమ్ పాఠం

ఈ క్రీడకు అతి సమీపమైన రూపం రైల్వే శిక్షణలోనే ఉండటం మమ్మల్ని ఆకట్టుకొన్న విశేషం. జోనల్ రైల్వే శిక్షణ సంస్థలలో మోడల్ రూమ్ అనే గది ఉంటుంది. ఖరగ్‌పూర్ డివిజను చేరి ఉన్న దక్షిణ తూర్పు రైల్వేకు అటువంటి సంస్థ ఝార్ఖండ్‌లోని సీనీలో ఉంది. మోడల్ రూములో బల్లల మీద చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ళు, వరుసగా స్టేషన్లు అమర్చి ఉంటాయి. శిక్షణ పొందేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క స్టేషను మాస్టరు పాత్ర వహిస్తారు. పక్క స్టేషను వారిని లైన్ క్లియర్ అడుగుతారు, గంట సంకేతాలు పంపుతారు, రిజిస్టరులో వ్రాస్తారు. బోధకుడు మధ్యలో సిగ్నలు చెడిందనో, బ్లాక్ యంత్రం పనిచేయడం లేదనో ప్రకటిస్తాడు. “ఇప్పుడు మీరు ఏం చేస్తారు?” అన్న అదే ప్రశ్న!

అక్కడ తొందరపడి తప్పు అనుమతి వ్రాసి ఇస్తే రెండు బొమ్మ రైళ్ళు ఎదురెదురుగా నిలుస్తాయి. అందరూ చూస్తారు, బోధకుడు కారణం వివరిస్తాడు, బండ్లను వెనుకకు జరిపి మళ్ళీ మొదలుపెడతారు. అదే పొరపాటు నిజమైన లైను మీద జరిగితే తిరిగి మొదలుపెట్టడానికి వీలుండదు. 1824 నాటి ప్రష్యా సైనికులకు తెలిసిన రహస్యం ఇదే. పాత్ర ధరించి చేసిన తప్పు ఎవరికీ హాని చేయదు, నేర్పిన పాఠం మాత్రం మనిషితో ఉండిపోతుంది. పాత్రధారణను పిల్లల కాలక్షేపమని తీసిపారవేసేవారు ఈ గదిని ఒకసారి స్మరించవలసి ఉంది.

ఒక బల్లను ఊహించుకొందాం

కొత్తవారి తొలి ఆట ఎలా సాగుతుందో తెలియడానికి ఒక బల్లను ఊహించుకొందాం. సూత్రధారి కళాశాల విద్యార్థిని. ఆడేవారు నలుగురు. వారిలో ఒకరు పొరుగింటి గృహిణి. పిల్లవాణ్ణి దింపడానికి వచ్చి, బలవంతం మీద కూర్చున్నారు.

కథాకాలం 1910, ఆషాఢ మాసం. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండి ఎక్కిన నలుగురు రాత్రివేళ ఖరగ్‌పూర్‌లో దిగారు. కమ్మరి పని తెలిసిన యువకుడు, అతని మేనత్త, పదేళ్ళ మేనల్లుడు, బండిలో పరిచయమైన వంటవాడు. ఒక రేకుపెట్టె, ఒక చాపచుట్ట. దూరపు బంధువు ఇక్కడి కార్ఖానాలో ఉన్నాడని తెలుసు, ఇల్లు ఎక్కడో తెలియదు. బెంగాలీ రాదు, హిందీ రాదు. వాన కురుస్తోంది. ఏం చేస్తారు?

“నాకు ఇలాంటివి రావమ్మా” అన్నారు గృహిణి.

“రాకపోతే ఏం పిన్నిగారూ, ఆ మేనత్తకీ ఇక్కడి భాష రాదు. ఏమీ తెలియని మనిషిగానే ఆడండి” అంది సూత్రధారి.

ఆమె క్షణం ఆలోచించారు. “అయితే నేను పెట్టె మీద కూర్చుని మేనల్లుణ్ణి తెలుగులో గట్టిగా కేకలేస్తాను. మనవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉంటే వినకపోతారా?”

బల్ల చుట్టూ నవ్వులు విరిశాయి. ఇరవై ముఖాల పాచిక అక్కడ లేదు. ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు ఉన్నాయి. ఆమె వేస్తే మూడు తెల్లగా పడ్డాయి. పని నెరవేరింది, కొంత చిక్కుతో. దీపం పట్టుకొని ఒక ఫిట్టరు వచ్చాడు. తెలుగువాడే. బంధువును ఎరుగును. కాని ఆ బంధువుకు గత నెలలోనే చక్రధర్‌పూర్ బదిలీ అయింది!

ఈ సన్నివేశంలో ఆమె ఏ పుస్తకమూ చదవలేదు, నటించలేదు, గొంతు మార్చలేదు. ఆ మేనత్త స్థానంలో తాను ఉంటే ఏం చేసి ఉండేదో ఆలోచించి చెప్పారు. ఆ ఊరి అనేక కుటుంబాలలో ముత్తాతలు దాటి వచ్చిన ఒక రాత్రిని ఆమె లోపలి నుండి చూశారు. బంధువు లేడని తెలిసిన తరువాత ఆ ఫిట్టరు ఏం చేస్తాడన్న ప్రశ్నే కథకు ప్రాణం. ఆ రాత్రి తన వరండాలో చాప పరచిన ఎవరో ఒకరు లేకపోతే, ఇటువంటి ఊరు నిలిచేది కాదు.

చింతపిక్కల లెక్క కూడా తెలుసుకొనదగినది. రెండు వైపులా సమానంగా పడతాయనుకొంటే నాలుగు పిక్కలకు మొత్తం 16 విధాలు. రెండు తెలుపు పడేది 6 విధాలుగా, ఒకటి గాని మూడు గాని పడేది చెరి 4 విధాలుగా, నాలుగూ తెలుపు లేక నాలుగూ నలుపు పడేది ఒక్కొక్క విధంగానే. అష్టాచెమ్మాలో చెమ్మ, అష్ట అరుదుగా పడేది ఇందువల్లనే. నాలుగూ తెల్లనైతే ఘనవిజయం, మూడైతే చిక్కుతో విజయం, రెండైతే సగం పని, ఒకటైతే వైఫల్యం, ఒక్కటీ తెల్లగా పడకపోతే అనుకోని ఆపద అని నిర్ణయించుకొంటే నియమావళి పూర్తి అయినట్లే.

గుమ్మం వద్ద ఆపేవి

కొత్తవారిని అడ్డగించే కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది బెదురు. “నాకు నటన రాదు” అనేవారే అధికులు. వారికి నటన అవసరం లేదని, నిర్ణయం చెబితే చాలని ముందే చెప్పాలి. రెండవది గ్రంథభారం. వందల పుటల ఆంగ్ల నియమావళిని చేతిలో పెట్టి చదివి రమ్మంటే తిరిగి వచ్చేవారు ఉండరు. తొలిరోజున చెప్పవలసిన నియమాలు అయిదు నిమిషాలకు మించరాదు.

మూడవది పాతకాపుల అతిశయం. కొత్తవాడు నోరు తెరవకముందే “అలా కాదు, ఇలా చేయి” అని సలహాలు గుప్పిస్తే ఆ పాత్ర అతనిది కాకుండా పోతుంది. తప్పు నిర్ణయమైనా సరే, అతణ్ణే తీసుకోనివ్వాలి. మోడల్ రూములో బోధకుడు ముందుగా చేయి పట్టుకొని ఆపితే పాఠం ఎక్కడిది? నాలుగవది మనసుకు నొప్పి కలిగించే విషయాలు. ఇటీవల పాశ్చాత్య బృందాలలో బల్ల మీద ఒక గుర్తు వేసిన కార్డు ఉంచే ఆచారం ఉంది. ఏదైనా సన్నివేశం భరించరానిదైతే ఆ కార్డును తాకితే చాలు, కారణం అడగకుండా కథను మళ్ళిస్తారు. వయోభేదం, భాషాభేదం ఉన్న బల్లకు ఇది అనుసరణీయం.

ఐదవది పెద్దల శంక. పాచిక పేరు వింటే మనకు శకుని గుర్తుకు రావడం సహజం. ఈ ఆటలో పందెం లేదు, ధనం లేదు, ఓడి పోగొట్టుకొనేది లేదు. 1980వ దశకంలో అమెరికాలోనూ తల్లిదండ్రులు ఈ ఆట పిల్లలను పెడదారి పట్టిస్తుందని ఆందోళన చెందారు, కాలక్రమంలో ఆ భయం సద్దుమణిగింది. శంకించే తల్లిదండ్రులకు సుదీర్ఘమైన వివరణ కంటె ఒక కుర్చీ చూపించడం మేలైన సమాధానం.

ఎందుకు ఈ ప్రయత్నం

ఉద్యోగుల కాలనీలలో పదవీ విరమణతో ఒక క్వార్టరు ఖాళీ అవుతుంది, బదిలీతో మరొక కుటుంబం వచ్చి చేరుతుంది. ఇది ఖరగ్‌పూర్‌కే పరిమితమైన విషయం కాదు, ప్రభుత్వరంగ టౌన్‌షిప్పులన్నిటిలోనూ ఉన్నదే. వచ్చిన కుటుంబానికి తలుపుల మీది నంబర్లు తెలుస్తాయి గాని లోపలి మనుషులు తెలియరు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క తెర ముందు కూర్చుంటున్న ఈ రోజులలో, వారి స్నేహాల ద్వారా పెద్దలకు పరిచయాలు కలగడం కూడా తగ్గిపోతోంది. విరమణ పొందినవారి వద్ద కథలు ఉన్నాయి, వినేవారు లేరు. పిల్లలకు కథ కావాలి, చెప్పేవారు లేరు. ఈ రెండు లేములనూ ఒకే బల్ల వద్దకు చేర్చగల సాధనం ఇది.

కనుక మన వినోద సంఘాలు నెలకు ఒక సాయంత్రం ఒక బల్లను ఇందుకు కేటాయించాలని మా సూచన. ఖర్చు నాలుగు చింతపిక్కలు, నాలుగు కాగితాలు. తొలి కథ మన ఊరిదే కావచ్చు, మన ప్లాంటు తొలినాళ్ళది కావచ్చు. విరమణ పొందిన ఒక ఫోర్‌మన్‌ను సూత్రధారిగా ఆహ్వానిస్తే ఏ ముద్రిత గ్రంథమూ చాలనన్ని సన్నివేశాలు ఆయన వద్ద దొరుకుతాయి. ఆ బల్ల వద్ద ఒక కుర్చీని మాత్రం ప్రతిసారీ ఖాళీగా ఉంచవలసిందని కోరుతున్నాము. గత నెలలోనే బదిలీపై వచ్చి, ఇంకా ఎవరితోనూ పరిచయం కాని కుటుంబం ఏదో ఒకటి మన కాలనీలో తప్పక ఉంటుంది. ఆ కుర్చీ వారిది.